గోడను అవతలి నుంచి చూడాలి

ముసురు పట్టి ఇది రెండో రోజు. పొద్దటి నుంచి నేను ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. వనపర్తిలో మా ఇంటి వరండాలోకి, లోపలికి, మళ్లీ వరండాలోకి తిరుగుతుంటే మా కోడలు చూసి చూసి, "అత్తమ్మా, సర్కారు నీకు పెన్షన్ ఇచ్చేది కూసోమనే" అన్నది. మాట నిజమే. కానీ వాన చప్పుడు చెవిన పడితే నా కాళ్లు రిటైరైన సంగతి మరిచిపోతాయి. ఏ వాగు రోడ్డెక్కిందో, ఏ ఇంట్లో ఎవరు ఏ గోడ పక్కన మంచం వేసుకున్నారో అని మనసు ఊళ్లు పట్టుకుని తిరుగుతుంది. ఫోన్ చేతిలోనే ఉంది. ఊరికే తిరిగే బదులు ఇది రాద్దామని మొదలుపెట్టాను. మధ్యలో లేచిపోతే ఏమనుకోవద్దు.

నేను రెవెన్యూలో పనిచేశాను. కాగితం మీద ఆర్‌ఐ. ఊళ్లలో పెద్దవాళ్లకు మాత్రం ఆ ఉద్యోగం ఇప్పటికీ గిర్దావరే, నేను ఆడమనిషిని కాబట్టి గిర్దావరమ్మ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు దిక్కులా తిరిగాను. నేను చేరినప్పుడు ఇవి మూడు జిల్లాలు కావు, అంతా పాలమూరే. ఎప్పుడు ఏ కుర్చీలోకి మారానో, ఎవరు నా ఫైలు తొక్కిపెట్టారో ఇక్కడ రాయను. అవి చదివితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

మొన్న కొత్తగా కొలువులో చేరిన అమ్మాయిలిద్దరు ఇంటికొచ్చారు. విపత్తుల డ్యూటీ వేశారట, ఏం చేయాలో చెప్పమన్నారు. ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం చూపించారు. మంచి కాగితం, రంగుల బొమ్మలు. అందులో భూకంపం ఉంది, తుపాను ఉంది, సముద్రం పొంగితే ఏం చేయాలో కూడా ఉంది. మా దిక్కు మనుషుల్ని చంపేది మాత్రం లేదు. చాయ్ తాగే లోపల ఎంత చెప్పగలను? మిగిలింది ఇది.

నది, వాగు

మా జిల్లాలకు ఆపద అనగానే అందరికీ కృష్ణ గుర్తొస్తుంది. గద్వాల వైపు నది నిండుగా వస్తే గేట్లెత్తుతారు, జనం చూడడానికి పోతారు, కెమెరాలు వస్తాయి, పెద్ద సార్లు గొడుగుల కింద నిలబడతారు. నేను నదిని చిన్నచూపు చూడటం లేదు. ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ నది పెద్దింటి చుట్టం లాంటిది, వచ్చే ముందు కబురు పంపుతుంది. పైన కర్ణాటకలో పడిన వాన మన దగ్గరికి వచ్చేలోపు మూటాముల్లె సర్దుకునే టైమ్ ఉంటుంది.

వాగు కబురు పంపదు. నాగర్‌కర్నూల్ అవతల నల్లమల గుట్టల కింద పనిచేసినప్పుడు చూశాను. పైన గుట్ట మీద వాన దంచుతుంది, కింద ఎండ కాస్తుంటుంది. మోటారు సైకిల్ మీద ఒకాయన వస్తాడు. కల్వర్టు మీద మోకాలి లోతు ఎర్ర నీళ్లు. ఆపితే, "రోజు పోయే తోవనే మేడమ్" అంటాడు. ఈ ఒక్క మాట నేను విన్నన్ని సార్లు ఇంకే మాటా వినలేదు. తెలియని దారైతే మనిషి భయపడతాడు, తెలిసిన దారిలో కొట్టుకుపోతాడు. తాడు కడితే తాడు ఎత్తుకుని పోయేవాళ్లు. హోంగార్డును పెడితే ఆయనతో వాదించేవాళ్లు. చివరికి ఆ ఊరి బడి పంతులును బతిమాలి కల్వర్టు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన దగ్గర చదువుకున్న ఏ ఒక్కడూ ఆయన ముందు నీళ్లలో బండి దించలేదు. వెనక్కి తిప్పుకుని, ఆయన చూడలేడనుకున్నంత దూరం పోయి, అక్కడ బీడీ వెలిగించుకునేవాళ్లు. నాకు కావలసింది అంతే.

మాక్ డ్రిల్లుల గురించి అడగొద్దు. ఒకసారి చెరువులో మునిగినట్టు నటించడానికి మా అటెండరును దింపారు. ఒడ్డున ఫోటోలు తీస్తుంటే ఆయనకు నవ్వు ఆగలేదు. మునిగిపోయేవాడు నవ్వుతున్నాడని పై నుంచి ఫోన్ వస్తే మళ్లీ ముంచారు. ఆ సాయంత్రం ఆయనకు జ్వరం వచ్చింది. ఆ ఏడు మా మండలంలో విపత్తు వల్ల దవాఖానకు పోయింది ఆయన ఒక్కడే.

నెత్తి మీది మన్ను

మా దిక్కు అసలు ఆపద ఇంట్లోనే ఉంటుంది. మట్టి మిద్దె. రాయీ మట్టీ కలిపి మూరెడు మందం గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, ఆకు, ఆ పైన మన్ను. అన్నిటికన్నా పైన చౌడు మన్ను. అది నీళ్లను కిందికి దిగనీయదు. వానలు మొదలయ్యే మిరుగు కార్తె రాకముందే ఇంటింటా చౌడు తెచ్చి మిద్దె మీద పోస్తారు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. ఆ మిద్దెల్లో నేనూ పెరిగాను. దానంత సుఖం ఏ స్లాబు కిందా లేదు.

ఏటేటా పోస్తారు కానీ పాతది ఎవరూ గీకి తీయరు. తాత పోసిన మన్ను, తండ్రి పోసిన మన్ను, తాను పోసిన మన్ను, అన్నీ నెత్తి మీదే ఉంటాయి. దూలం మాత్రం తాతనాటిదే.

నాకు ఈ సంగతి నేర్పింది నా మొదటి తహసీల్దారు ఖాదర్ సారు. బొద్దుగా ఉండేవారు, పాన్ లేకుండా మాట కదిలేది కాదు, కోపం వస్తే ఉర్దూ, జాలి వస్తే తెలుగు. పెబ్బేరు సంతకు పోయే తోవలో ఒక ఊళ్లో ముసురుకు మిద్దె కూలి మొగుడూ పెళ్లాం పోయారంటే ఇద్దరం పోయాం. నేను కొత్త. ఏడుపులు విని సారు వెనకే నిలబడ్డాను. సారు మాత్రం చుట్టుపక్కల వాళ్లను ఒకటే అడుగుతున్నారు, మిద్దె ఉరిసిందా అని. మా దిక్కు ఇల్లు కారడాన్ని ఉరవడం అంటారు. అందరూ ఒకే మాట చెప్పారు. చుక్క కూడా ఉరవలేదు, ఊళ్లో అంత మంచి మిద్దె ఇంకొకటి లేదు, అది ఎట్లా కూలిందో తెలియడం లేదని.

సారు నా వైపు తిరిగి, "గదే ముసీబత్. ఉరిసుంటే లేసి బయటికొస్తుండిరి" అన్నారు.

నాకు అర్థం కావడానికి ఆ దారంతా పట్టింది. ఉరిసే ఇంట్లో మనుషులు గిన్నెలు పెట్టుకుంటూ, తిట్టుకుంటూ, చివరికి విసుగొచ్చి పక్కింటికి పోతారు. ఉరవని మిద్దె నీళ్లన్నీ తాగి లోపలే దాచుకుంటుంది. బరువు పెరుగుతున్న సంగతి కింద పడుకున్న వాళ్లకు తెలియదు. వాళ్లు గర్వంగా పడుకుంటారు. ఆ తర్వాత నేను ఏ ఊరు పోయినా చౌడు ఎప్పుడు పోశారని అడగడం మానేసి, ఎప్పుడు తీశారని అడగడం మొదలుపెట్టాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్లు. చూడనీ. మీరూ అదే అడగండి.

సారు నేర్పిన రెండోది, ఇంటి ముందు నిలబడి ఇల్లు బాగుందని రాయొద్దని. "పిచ్చెకే గలీలో చూడు" అనేవారు. అంటే వెనక గల్లీలోకి పోయి చూడమని.

పురుడు ఇల్లు

ఇక అసలు చెప్పాలనుకున్నది. వనపర్తి వైపు ఒక ఊరు. పేరు రాయను, అక్కడ గోడ తగాదా ఇంకా నడుస్తూనే ఉంది, నన్ను సాక్షిగా పిలుస్తారు. ఇది నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు మాట.

ముసురు విడవకుండా పట్టింది. ఊరి బడికి స్లాబు ఉంది కాబట్టి అక్కడ క్యాంపు పెట్టాం. డప్పు కొట్టించాం, మిద్దెల్లో ఉన్నవాళ్లంతా బడికి రావాలని. చాలామంది వచ్చారు. రానివాళ్ల ఇళ్లకు నేను తిరుగుతున్నాను. అట్లా నర్సమ్మ ఇంటికి పోయాను.

నర్సమ్మ మొగుడు పోయిన మనిషి. ఐదెకరాల చెలక చేసుకుంటుంది. కొడుకు లారీ మీద పోయాడు, ఎక్కడో మహారాష్ట్రలో వానకు ఇరుక్కున్నాడు. ఇంట్లో కోడలు అనిత, ఆమెకు రెండో కాన్పై పది రోజులు కూడా కాలేదు. ఆడపిల్ల. రెండో కాన్పు కాబట్టి అత్తగారింట్లోనే అయింది. పెద్దవాడు అమ్మమ్మ దగ్గరే ఉంటాడు. పురుడు ఇంకా తీరలేదు.

బడికి రమ్మంటే నర్సమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "బాలింతను బడికి తోల్కపోతే గాలి తాకదా మేడమ్? ఆడ ఊరంత ఉన్నది. పురుడు ఇంటోళ్లొచ్చిన్రని ఎవరన్న మూతి ముడిస్తే నేను పడ" అన్నది. ఆ తర్వాత నేను భయపడిన మాటే అన్నది. "మా మిద్దె సుక్క ఉరవదు. లోపల్కొచ్చి సూడు."

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. బడిలో కిటికీలకు రెక్కలు లేవు. వంట అందరికీ కలిపి చేస్తున్నారు, అక్కడ పురుడు మనుషులు కలిస్తే సగం మంది అన్నం ముట్టరు. మీకు ఇది మూఢనమ్మకం అనిపించవచ్చు. అనిపించినా నోట్లోనే ఉంచుకోండి. వాన కురుస్తుంటే ఊరికి బుద్ధి చెప్పడానికి పోలేదు మనం. ఇంకో ఊళ్లో పోలీసులను పిలిచి ఒక ముసలామెను మంచంతో సహా మోయించాను. సాయంత్రానికల్లా ఆమె తిరిగి తన ఇంట్లోనే ఉంది, ఈసారి లోపలి నుంచి గడియ పెట్టుకుని. బలవంతం చేస్తే మనిషి కదులుతాడు, మనసు అక్కడే ఉంటుంది.

పైకి చూస్తే ఇల్లు గట్టిగానే ఉంది. సున్నం వేసిన గోడలు, ఎర్రమన్ను అలికిన అరుగు. నేను ఖాదర్ సారు మాట ప్రకారం వెనక్కి పోయాను.

వెనక పక్కిల్లు ఉండాలి. లేదు. అక్కడ పునాది గుంత ఉంది, దాని నిండా నీళ్లు. పక్కింటి కుర్మయ్యకు సర్కారు ఇల్లు మంజూరైతే పాత మిద్దె పడగొట్టి స్లాబు ఇంటికి పునాది తవ్వించాడు. అంతలో ముసురు పట్టింది. రెండిళ్లకూ కలిపి ఉన్న ఒకే గోడ మిగిలింది. ఆ గోడకు ఇటు వైపు నర్సమ్మ ఇల్లు, అటు వైపు నిన్నటి దాకా కుర్మయ్య ఇల్లు. ఇప్పుడు అటు వైపు ఆకాశం.

ఆ గోడ దగ్గరికి పోయి చూశాను. దానికి దీపం గూడు ఉంది, గూటి పైన మసి ఉంది. క్యాలెండరు మేకు ఉంది. పసుపు రాసిన చోట ఇంకా పసుపు ఉంది. కట్టిన నాటి నుంచి వాన ముఖం చూడని గోడ అది. ఇప్పుడు నిలువునా తడుస్తున్నది, కింద పునాది గుంతలో నీళ్లు తాగుతున్నది. మధ్యలో కడుపుతో ఉన్న మనిషిలా ముందుకు ఉబ్బింది. కుర్మయ్య దానికి రెండు మొద్దులు ఆనించి ఉంచాడు.

మీకు మళ్లీ చెప్తున్నాను. కొత్త ఇళ్లు కట్టే ఊళ్లలో ముందు చూడాల్సింది కొత్త ఇంటిని కాదు, దాని పక్క ఇంటిని. ప్రతి ఊళ్లో ఇట్లాంటి గోడ ఒకటి ఉంటుంది. లోపలి నుంచి అది బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

కుర్మయ్య

కుర్మయ్య నర్సమ్మ మొగుడికి చిన్నాయన కొడుకు. పునాదికి అవతల ఖాళీ జాగాలో రేకుల షెడ్డు వేసుకుని పెళ్లాంతో ఉంటున్నాడు. ఆయనకూ నర్సమ్మకూ మాటల్లేవు. కారణం ఇదే గోడ. సగం సగమా, పూర్తిగా ఒకరిదా అని వాళ్ల పెద్దల నాటి నుంచి పంచాయితీ.

గోడ సంగతి తెలిసీ ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఆయన తల దించుకుని అన్నాడు, "గోడకు కడుపొచ్చింది, నాకెరికే మేడమ్. నేను జెప్తే ఏమంటది? గోడ గుంజుకునేటందుకు కత పడుతుండు అంటది."

నిజంగానే అంటుంది. నాకు కోపం పోయి చేతకానితనం మిగిలింది. ఒకరు చెప్పలేరు, ఒకరు నమ్మరు, మధ్యలో గోడకు ఆనుకుని పసిపిల్ల.

ఆనుకునే ఉంది. నేను నర్సమ్మ ఇంట్లోకి పోయి బాలింత గది చూశాను. మగ ఆఫీసరైతే అక్కడికి పోనిచ్చేవాళ్లు కాదు. గాలి తగలని మూల కాబట్టి మంచం సరిగ్గా ఆ గోడకే వేశారు. కుంపటి, సాంబ్రాణి పొగ. అనిత చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, పిల్లను పక్కలో వేసుకుని ఉంది. గోడ మీద అరచేయి పెట్టాను. చల్లగా, బంకగా తగిలింది.

అనిత నా చేయి చూసింది. అత్త వంటింట్లో ఉందో లేదో చూసుకుని మెల్లగా అన్నది. "మేడమ్, పండుకుంటె గోడల నుంచి సప్పుడొస్తది. సన్నగ మన్ను రాలినట్లు. అత్తమ్మ ఎలుకలు అంటది."

ఎలుకలు కాదని ఆమెకూ తెలుసు. అప్పుడు నాకు భయం వేసింది, నా కోసం కూడా. ఆ గది నుంచి ముందు నేను బయటపడాలనిపించింది. ఇది రాయడానికి సిగ్గేమీ లేదు, భయం వేయని మనిషి ఈ పనికి పనికిరాదు.

బయటికొచ్చి ఆలోచించాను. బడి కుదరదు. ఊళ్లో స్లాబు ఇళ్లున్న వాళ్లు పురుడు మనిషిని రానీయరు, అడిగి చూశాను. పంచాయతీ ఆఫీసు తెరవమంటే సర్పంచ్ భర్త, ఎన్నికలు దగ్గరున్నాయి మేడమ్ అని చేతులు పిసుక్కున్నాడు. ఆ కుర్చీకి మైల తగిలితే భార్య మళ్లీ గెలవదని ఆయన బాధ.

అప్పుడు కుర్మయ్య భార్య షెడ్డులో విడిగా, నేల మీద ఆకు వేసుకుని తింటూ కనిపించింది. ఎందుకట్లా అంటే, పురుడు గదా మేడమ్ అన్నది. నాకు ఒక్కసారి తట్టింది. వీళ్లు పాలోళ్లు. ఒకే ఇంటిపేరు. నర్సమ్మ మనవరాలు పుడితే ఆ పురుడు కుర్మయ్య ఇంటికీ ఉంటుంది. ఏళ్ల తరబడి మాటల్లేకపోయినా, వీళ్లు గుడికి పోవడం మానేశారు, పండుగ ఆపుకున్నారు. గోడ పంచుకోలేని వాళ్లు మైల మాత్రం పంచుకుంటున్నారు. ఆ ఊళ్లో ఆ బాలింత ఎవరినీ మైల చేయకుండా అడుగుపెట్టగలిగిన చోటు ఒక్కటే, శత్రువు షెడ్డు. పైగా రేకుల షెడ్డు. కూలినా మీద పడేది రేకే కానీ మిద్దె కాదు.

నర్సమ్మకు చెబితే, పిలవని ఇంటికి ఎట్లా పోతామన్నది. అది న్యాయమే. కుర్మయ్య దగ్గరికి పోయి పిలువు అన్నాను. నేను కలెక్టరు పేరు చెప్పలేదు, చట్టం చెప్పలేదు. గోడలో నుంచి మన్ను రాలుతున్న చప్పుడు పిల్ల తల్లి వింటున్నదని మాత్రం చెప్పాను.

ఆయన తువ్వాల నెత్తిన వేసుకుని వానలో నడిచి నర్సమ్మ అరుగు ముందు నిలబడ్డాడు. అరుగు ఎక్కలేదు.

"వదినె, పురుడు మాకు గూడ ఉన్నది గద. పసిదాన్ని తీస్కొని రాండ్రి."

నర్సమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగి, "గోడ సంగతి వేరే అని చెప్పు మేడమ్. అది ఇడిసిపెట్ట" అన్నది. చెప్పాను, ఆయన పక్కనే ఉన్నా. ఆ తర్వాత దుప్పటి తెచ్చి కోడలికి కప్పింది. కుర్మయ్య గొడుగు పట్టాడు, కుంపటి నేను పట్టుకున్నాను. చేయి కాలింది. ఆ మచ్చ ఇంకా ఉంది, మా కోడలు దాన్ని నా మెడల్ అంటుంది.

ఎండ వచ్చింది

మర్నాడు మబ్బు విడిచి ఎండ కాసింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం అప్పుడే ఊపిరాడలేదు.

అప్పటి మా తహసీల్దారు చిన్నవయసు వాడు, వేరే జిల్లా నుంచి వచ్చాడు, చెడ్డవాడు కాదు. ఫోన్ చేసి క్యాంపు ఎత్తేయమన్నాడు. మట్టి గోడలు ఎక్కువగా వాన ఆగాకే పడతాయని చెప్పాను. నానిన గోడ ఎండకు ఒక వైపు ముందుగా ఆరుతుంది, బిగుస్తుంది, పగులుతుంది. ఇంకో రోజు ఉంచుదామన్నాను. ఎండలో క్యాంపు ఎందుకని పై నుంచి అడిగితే ఏం చెప్పాలి అన్నాడు. ఆయన్ని అడిగేవాళ్లు కూడా ఎండలోనే కూర్చుని ఉన్నారు. ఈ ఉద్యోగంలో అందరూ వానను చూస్తారు, గోడను చూసేవాళ్లు తక్కువ. అయినా క్యాంపు ఎత్తినా ఎత్తకపోయినా జనం ఆగలేదు. బొంతలు చంకన పెట్టుకుని ఎవరిళ్లకు వాళ్లు బయలుదేరారు. నేను ప్రతివాళ్లకూ చెబుతూ, గొంతు పోయేదాకా చెబుతూ, నర్సమ్మ ఇంటికి ఉరికాను.

నర్సమ్మ అప్పటికే లోపల ఉంది. కోడల్ని తెచ్చుకోవడానికి బాలింత గది ఊడుస్తున్నది. రేకుల కింద పిల్లకు చలి పెట్టిందట, ఇంకొక్క పూట ఉండనంటున్నది. గడప అవతల నుంచి పిలిచాను. బతిమాలాను. వస్తున్నా మేడమ్ అంటుంది, చీపురు చప్పుడు ఆగదు. లోపలికి పోయి చేయి పట్టి లాక్కొద్దామని గడప మీద కాలు పెట్టాను.

అప్పుడు కుర్మయ్య ఊరంతా వినేటట్టు గొంతెత్తాడు. ఆ గోడ తనదని, ఇయ్యాళ కూల్చేసి రాళ్లు తన పునాదికి వేసుకుంటానని, ఎవరడ్డమొస్తారో చూస్తానని.

చీపురు చప్పుడు ఆగింది. నర్సమ్మ కొంగు నడుముకు చుట్టుకుంటూ బయటికొచ్చింది. నన్ను దాటుకుని, అరుగు దిగి, వీధి మధ్యలో కుర్మయ్య ముందు నిలబడింది. ఏళ్లుగా దాచుకున్న మాటలన్నీ బయటికొచ్చాయి. మామ పేరు, చిన్నమామ పేరు, ఎవరు రాళ్లు మోశారు, ఎవరు మన్ను తొక్కారు, అన్నీ. జనం చేరారు. నేను ఉద్యోగ జీవితంలో ఎన్నో తగాదాలు ఆపాను. అది ఒక్కటే ఆగొద్దని కోరుకుంటూ విన్నాను.

ఆమె మాట మధ్యలో ఉండగానే గోడ కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు, నిండు వడ్ల బస్తా నేల మీద వేసినట్టు వచ్చింది. గోడ వెనక దూలం, దూలం వెనక మిద్దె. ఎండలో మన్ను పొగలా లేచింది. అది తేలిపోయాక చూస్తే బాలింత మంచం ఉండాల్సిన చోట తాత పోసిన మన్ను, తండ్రి పోసిన మన్ను కుప్పగా ఉన్నాయి.

నర్సమ్మ కూలిన గది వైపు పోలేదు. పునాది పక్క నుంచి నడిచి రేకుల షెడ్డులోకి పోయింది, పిల్ల మీది గుడ్డ తీసి రెండు కాళ్లూ పట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు, సర్కారు జీపు పక్కన నిలబడి ఏడ్చాను.

జనం పలచబడ్డాక కుర్మయ్యను అడిగాను, నిజంగానే గోడ కూల్చబోయావా అని. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని అన్నాడు. "రమ్మంటె రాదు మేడమ్. గోడ నాదంటె ఉరికొస్తది."

నాకు తెలిసిన విపత్తు నిర్వహణ ఇంతే. మనిషి దేనికి బయటికొస్తాడో తెలిసుండాలి. ఒకరు పంతులుకు సిగ్గుపడి ఆగుతారు, ఒకరు పిలిస్తే వస్తారు, ఒకరు తిడితే వస్తారు. అది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఊళ్లో మంచి రోజుల్లో తిరిగితేనే తెలుస్తుంది. వాన రోజు మొదటిసారి ఊరికి పోయే ఆఫీసరు తడిసి రావడం తప్ప చేసేదేమీ లేదు.

సాయంత్రం తహసీల్దారు అడిగాడు, ఆ ఊళ్లో ఏం లేదు కదా మేడమ్ అని. ఏం లేదు సార్ అన్నాను. ఆ తర్వాత ఏ మీటింగులోనూ ఆ ఊరి పేరు రాలేదు. మీరు పని సరిగ్గా చేసిన చోట పేరు రాదు. దీనికి మీరు అలవాటు పడాలి. నేను పూర్తిగా అలవాటు పడలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఫోన్

వాళ్లిద్దరూ ఆ తర్వాత కలిసిపోయారని రాయాలని నాకూ ఉంది. పురుడు స్నానాలు అయిన రోజే మళ్లీ మాటలు ఆగిపోయాయి. గోడ లేదు కానీ గోడ ఉన్న జాగా ఉంది కదా. కుర్మయ్య స్లాబు ఇల్లు లేచింది. నర్సమ్మ కూలిన గది వదిలేసి ముందు రెండు గదుల్లో ఉంటుంది, అవీ మట్టివే. ఆమె కొడుకు కట్టే ఇల్లు ఏళ్లుగా బేస్‌మెంటు దగ్గరే ఉంది. పిల్ల మాత్రం బడికి పోతున్నది. రెండిళ్లలోనూ తింటుంది, ఇద్దరినీ బెదిరిస్తుంది.

ఆనాటి నుంచి ముసురు పట్టినప్పుడల్లా నాకు కుర్మయ్య ఫోన్ చేస్తాడు. "మేడమ్, మా వదినెకు జర చెప్పు, పక్క గోడ నానుతున్నది, మంచం జరుపుకోమను." పది అడుగుల దూరంలో ఉన్న మనిషికి చెప్పడానికి వనపర్తికి ఫోన్. నేను నర్సమ్మకు చేస్తాను. ఆమె అంతా విని, "ఆయన చెప్పిండా?" అని అడుగుతుంది. లేదు, నాకే అనుమానం వచ్చి చేశాను అంటాను. నమ్మినట్టు మంచం జరుపుతుంది. రిటైరయ్యాక కూడా నాకు మిగిలిన డ్యూటీ ఇదొక్కటే.

ఈ ముసురుకు రెండో రోజు. కుర్మయ్య ఫోన్ రాలేదు. పొద్దటి నుంచి నేను కూర్చోలేకపోతున్నది అందుకే. ఆయనకు ఒంట్లో బాగా లేదేమో, లేక చెప్పే లోపలే ఏదైనా అయిందేమో అని ఇది రాస్తూనే నాలుగుసార్లు ఫోన్ చూశాను. ఇక ఆగలేక ఇప్పుడే నేనే చేశాను.

చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక వాన చప్పుడు, పిల్ల ఏదో అరుస్తున్నది.

"మర్సిపోయిన మేడమ్. ఈపారి నేనే జెప్పిన. పొద్దుగాలనే పోయి అరుగు కాడ నిలబడి జెప్పిన. పిల్లను, అనితను తోల్కొని మా ఇంట్లకొచ్చింది, లోపల్నే కూసున్నది."

ఏమన్నది అని అడిగాను.

"గోడ సంగతి వేరే అన్నది."

వాన తగ్గలేదు. నేను ఫోన్ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.